మాక్రో లెన్సు: ఎంత దగ్గరగా, ఎంత దూరం నుంచి

మాక్రో లెన్సు కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఏ కంపెనీది మంచిదని. ఆ ప్రశ్నకు ఇప్పుడు పెద్ద విలువ లేదు. పేరున్న కంపెనీలు చేసిన 90, 100, 105 మి.మీ. మాక్రో లెన్సుల్లో ఏది తీసుకున్నా బొమ్మ స్పష్టంగానే వస్తుంది. వాటి మధ్య తేడా పరీక్షల పట్టికల్లో కనిపిస్తుంది తప్ప ఆకు మీది పురుగు ఫొటోలో కనిపించదు. తీయబోయే వస్తువు ఎంత చిన్నదో, లెన్సు కొసకూ దానికీ మధ్య ఎంత జాగా మిగలాలో, వెలుగు ఎటునుంచి వస్తుందో ముందు తేల్చుకోవాలి. అవి తేలాక లెన్సు ఎంపిక సులువు. వాటి జోలికి పోకుండా లెన్సు కొన్నవాళ్లలో చాలామంది ఏడాది తిరక్కుండానే దాన్ని బీరువాలో పెడుతున్నారు. అందుకే ఈ విషయాన్ని మొదటి నుంచీ ఒకసారి చూడాలనిపించింది. చరోదాలో ఉంటూ చూస్తున్నాను కాబట్టి ఉదాహరణలు ఇక్కడివే ఎక్కువ.

చరోదా ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్‌కూ దుర్గ్‌కూ మధ్య, హౌరా–ముంబై రైలు మార్గం మీద ఉంది. భిలాయి ఉక్కు కర్మాగారానికి వచ్చీపోయే వ్యాగన్లకు ఇక్కడి మార్షలింగ్ యార్డే కూడలి. ఊళ్లో దాన్ని బీఎంవై అంటారు. 1931లో రాయ్‌పూర్–విజయనగరం లైను పూర్తయినప్పటి నుంచి ఉత్తరాంధ్ర జనానికి ఈ దారి తెలుసు. 1955లో ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఉక్కులోనూ రైల్వేలోనూ పని కోసం వచ్చిన మనవాళ్లు ఇక్కడే ఉండిపోయారు.

ఉక్కు పట్టణంలో ఫొటో తీయడానికి ఏముంటుందని అడిగేవాళ్లకు క్వార్టర్ల వెనక పెరట్లోకి వెళ్లి చూడమని చెబుతాను. కరివేపాకు చెట్టు ఉంటే దాని మీద కామన్ మార్మన్ సీతాకోకచిలుక గొంగళిపురుగు దొరుకుతుంది. చిన్నప్పుడు అది అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. జిల్లేడు మొక్క మీద ప్లెయిన్ టైగర్ గొంగళిపురుగు నలుపు, తెలుపు, పసుపు చారలతో కనిపిస్తుంది. మామిడి చెట్టు మీద ఆకుల్ని పట్టుతో కలిపి కుట్టే ఎర్రచీమలు, గోడ మీద గెంతే సాలీళ్లు, ఊరు దాటితే వరిమళ్ల గట్ల మీద తూనీగలు ఉంటాయి. తొలకరి పడగానే నేలలోంచి ఆరుద్ర పురుగు పైకి వస్తుంది. ఇక్కడివాళ్లు దాన్ని రానీ కీడా అంటారు. పక్కనే దేవబలోదాలో 13వ శతాబ్దపు కలచురుల కాలం నాటి శివాలయం ఉంది. ఇవి కాక ఇళ్లలో పాత ట్రంకు పెట్టెల అడుగున నెగెటివ్‌లు ఉన్నాయి. వీటిలో దేనికి ఏది కావాలో తెలిస్తే డబ్బు వృథా కాదు.

ముందు కొలత సంగతి. ఒక సెంటీమీటరు వస్తువు సెన్సార్ మీద కూడా ఒక సెంటీమీటరుగానే పడితే దాన్ని 1:1 అంటారు. అర సెంటీమీటరుగా పడితే 1:2. ఈ నిష్పత్తే మాగ్నిఫికేషన్. ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. కాబట్టి 1:1 దగ్గర ఫ్రేమ్‌లో పట్టేది కూడా 36×24 మి.మీ. జాగానే. సెంటీమీటరు ఉండే ఆరుద్ర పురుగు ఫ్రేము వెడల్పులో మూడోవంతు కన్నా కొంచెం తక్కువ ఆక్రమిస్తుంది. దానికి 1:1 సరిగ్గా సరిపోతుంది. సీతాకోకచిలుకకు రెక్కలు విప్పితే 1:2 కూడా ఎక్కువే. జూమ్ లెన్సుల మీద మాక్రో అని రాసి అమ్ముతుంటారు. వాటిలో చాలా వరకు 1:3, 1:4 దగ్గర ఆగిపోతాయి. పూలకూ పెద్ద సీతాకోకచిలుకలకూ అవి చాలు గాని సాలీడు కళ్లకు చాలవు.

ఇంకా చిన్నవాటి సంగతి వేరు. 2021 చివర్లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప తోటల్ని దెబ్బతీసిన కొత్త తామరపురుగు త్రిప్స్ పార్విస్పైనస్ పొడవు దాదాపు ఒక మిల్లీమీటరు. మిరపపూలలో గుంపులుగా చేరి రసం పీల్చేసిన ఆ పురుగును పాత తామరపురుగుల నుంచి వేరు చేసి గుర్తించడం రైతుకు కంటిచూపుతో సాధ్యమయ్యే పని కాదు. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో 1:1లో తీస్తే దాని ఒంటి పొడవుకు దక్కేది 167 పిక్సెళ్లు. గుర్తుపట్టడానికి అది చాలదు. 5:1లో తీస్తే 830కి పైగా దక్కుతాయి, అప్పుడు రెక్కల అంచు కుచ్చు కూడా కనిపిస్తుంది. అలాంటి పనికి కానన్ 1999లో తెచ్చిన ఎంపీ–ఈ 65 మి.మీ. లెన్సు ఉంది. అది 1:1 నుంచి 5:1 దాకా మాత్రమే పనిచేస్తుంది, దూరపు వస్తువును అసలు ఫోకస్ చేయదు. లావోవా 2018లో తెచ్చిన 25 మి.మీ. లెన్సు 2.5:1 నుంచి 5:1 దాకా వెళుతుంది, ధరలో తేలిక. ఈ రెండూ మొదటి మాక్రో లెన్సుగా కొనవలసినవి కావు. 5:1 దగ్గర ఎఫ్/2.8లో స్పష్టంగా కనిపించే లోతు 0.04 మి.మీ. మాత్రమే. గాలి ఆడే చోట, బతికున్న పురుగు మీద, చేత్తో పట్టుకుని ఆ పని చేయాలంటే ముందు 1:1లో చేయి తిరిగి ఉండాలి.

లెన్సుల ప్రకటనల్లో కనిపించనిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, పని దూరం. కంపెనీలు ఇచ్చే కనిష్ఠ ఫోకస్ దూరాన్ని సెన్సార్ నుంచి కొలుస్తారు. అందులో కెమెరా మందం, లెన్సు పొడవు కలిసిపోయి ఉంటాయి. పురుగుకు కావలసింది లెన్సు కొస నుంచి తనదాకా ఉన్న దూరం. నికాన్ 40 మి.మీ. డీఎక్స్ మాక్రోకు కనిష్ఠ ఫోకస్ దూరం 16.3 సెం.మీ. వినడానికి బాగానే ఉంటుంది. కాని 1:1 దగ్గర లెన్సు ముందు మిగిలేది మూడున్నర సెంటీమీటర్లే. తూనీగ అంత దగ్గరికి రానివ్వదు, వచ్చినా లెన్సు నీడ దాని మీదే పడుతుంది. 60 మి.మీ. లెన్సులో సుమారు 5 సెం.మీ. మిగులుతుంది. 100, 105 మి.మీ. లెన్సుల్లో 13 నుంచి 15 సెం.మీ. మిగులుతుంది. 180 లేదా 200 మి.మీ. తీసుకుంటే పాతిక సెంటీమీటర్ల దాకా వస్తుంది గాని బరువూ ధరా పెరుగుతాయి, చేతి వణుకు ఎక్కువగా తెలుస్తుంది, స్టాండు లేకుండా పని జరగదు.

పొట్టి లెన్సులో ఎక్కువ లోతు స్పష్టంగా వస్తుందని కొందరు నమ్ముతారు. మాక్రోలో అది నిజం కాదు. మాగ్నిఫికేషన్ ఒకటే, అపర్చర్ ఒకటే అయినప్పుడు 50 మి.మీ.లోనూ 200 మి.మీ.లోనూ లోతు దాదాపు సమానం. మారేది వెనక దృశ్యం. పొడుగు లెన్సు వెనక ఉన్న కొంచెం జాగానే చూస్తుంది కాబట్టి గడ్డి, కంచె, గోడ అన్నీ కలిసిపోయి మెత్తటి రంగుగా మిగులుతాయి. పొట్టి లెన్సు పురుగుతో పాటు అది ఉన్న చోటును కూడా చూపిస్తుంది. లావోవా 15 మి.మీ. వైడ్ లెన్సు 1:1 దాకా వెళ్లగలదు. దానితో గొల్లభామనూ దాని వెనక పొలాన్నీ ఆకాశాన్నీ ఒకే ఫొటోలో పట్టవచ్చు. ఆ తరహా ఫొటోలు నాకు చాలా ఇష్టం. కాని 1:1 దగ్గర ఆ లెన్సు పురుగుకు దాదాపు ఆనుకునే ఉంటుంది.

అందువల్ల పురుగులూ సాలీళ్లూ తీయదలచినవారికి 90 నుంచి 105 మి.మీ. మధ్య 1:1 లెన్సు సరైనది. ఈ కొలతకు ఇంత పేరు ఊరికే రాలేదు. 35 మి.మీ. ఎస్ఎల్ఆర్ కెమెరాకు మొదటి మాక్రో లెన్సుగా చెప్పుకునే మాక్రో–కిలార్‌ను హైంజ్ కిల్ఫిట్ 1955లో తెచ్చినప్పుడు అది 40 మి.మీ. లెన్సు. మరుసటి ఏడాది నికాన్ తెచ్చిన మైక్రో–నిక్కోర్ 5 సెం.మీ.ది. జపాను పుస్తకాలను మైక్రోఫిల్మ్ మీదికి ఎక్కిస్తే దట్టమైన అక్షరాల గీతలు అలుక్కుపోతున్నాయని, ఆ అవసరం కోసం చేసిన లెన్సు అది. అంటే మొదట్లో ఈ లెన్సుల పని కాగితాలు, నాణేలు, పత్రాలు. కాగితం పారిపోదు కాబట్టి పని దూరం తక్కువైనా ఇబ్బంది లేకపోయింది. 1979లో టామ్రాన్ 90 మి.మీ. ఎఫ్/2.5 వచ్చింది. అది 1:2 దాకానే వెళ్లేది, అయినా తోటల్లో తిరిగే ఫొటోగ్రాఫర్లు ఆ కొలతను వదల్లేదు. అదే వంశంలో 2004లో వచ్చిన 90 మి.మీ. ఎఫ్/2.8 ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది, 1:1 ఇస్తుంది. మొదటి లెన్సుగా దాన్ని నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.

కొత్తవాటిలో సోనీ 90 మి.మీ. (2015), సిగ్మా 105 మి.మీ. ఆర్ట్ (2020), నికాన్ జెడ్ 105 మి.మీ. (2021) మూడూ ఉత్తమమైనవే. కానన్ ఆర్ఎఫ్ 100 మి.మీ. (2021) 1.4:1 దాకా వెళుతుంది, ఆ అదనం బయట తిరిగి తీసేటప్పుడు బాగా ఉపయోగపడుతుంది. ఒలింపస్ 60 మి.మీ. (2012) చిన్న సెన్సార్‌కు చేసినది, జేబులో పట్టేంత తేలిక. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అదే మంచిదని నా అభిప్రాయం. మీ దగ్గర ఏ కెమెరా ఉంటే దానికి తగినది తీసుకోవాలి. మాక్రో కోసం కెమెరా కంపెనీ మార్చవలసిన అవసరం లేదు.

వణుకు తగ్గించే ఏర్పాటు గురించి ఒక మాట. నికాన్ 2006లో 105 మి.మీ.లో దాన్ని పెట్టింది, మాక్రో లెన్సులో అది మొదటిసారి. అయితే చేతి వణుకు రెండు రకాలు: కెమెరా ముక్కు పైకీ కిందికీ ఊగడం ఒకటి, కెమెరా మొత్తంగా పక్కకు జరగడం మరొకటి. దూరపు దృశ్యాల్లో రెండోది లెక్కలోకి రాదు, 1:1 దగ్గర అదే ముఖ్యం. కానన్ 2009లో తెచ్చిన 100 మి.మీ. ఎల్ లెన్సు ఈ రెండింటినీ పట్టించుకుంది. అయినా మన ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊగడాన్ని ఏ లెన్సూ ఆపలేదు, గాలికి ఊగే గడ్డిపరకనూ ఆపలేదు. ఈ సదుపాయం కోసమే రెట్టింపు ధర పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ డబ్బు ఫ్లాష్‌కు పెట్టాలి.

డబ్బు తక్కువ ఉన్నవాళ్లకు దారులు లేకపోలేదు. లెన్సుకూ కెమెరాకూ మధ్య ఖాళీ గొట్టం పెడితే లెన్సు ముందుకు జరిగి దగ్గరివి ఫోకస్ అవుతాయి. గొట్టం పొడవును లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే మాగ్నిఫికేషన్ వస్తుంది. 50 మి.మీ. లెన్సుకు 25 మి.మీ. గొట్టం పెడితే 1:2. కెంకో 12, 20, 36 మి.మీ. గొట్టాలు మూడూ కలిపితే 68 మి.మీ., అంటే అదే లెన్సుతో 1:1 దాటిపోవచ్చు. లెన్సును తిరగేసి బిగించే అడాప్టర్ ఇంకా చవక: 28 మి.మీ. లెన్సును తిప్పి పెడితే 2:1 దాటుతుంది. ఎవరింట్లోనైనా పాత జెనిత్ కెమెరా ఉంటే దాని హీలియోస్ 58 మి.మీ. లెన్సును పారేయకండి. ఎం42 అడాప్టర్ పెట్టి ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలకు బిగించవచ్చు. సోవియట్ గొట్టాల సెట్టు 7, 14, 28 మి.మీ. మూడూ కలిపితే 0.84 రెట్లు వస్తుంది. అపర్చర్ చేత్తో తిప్పాలి, ఫోకస్ చేత్తో చేయాలి. మాక్రోలో ఎలాగూ చేసేది అదే.

అయితే మా ఊరి లాంటి చోట గొట్టాలకు ఒక చిక్కుంది. వాటిని వేసి తీయాలంటే ప్రతిసారీ కెమెరా నోరు తెరవాలి. బొగ్గు, ఇనుప ఖనిజం వ్యాగన్లు పగలూ రాత్రీ నడిచే యార్డు పక్కన ఆ పని చేస్తే సెన్సార్ మీద దుమ్ము చేరుతుంది, మాక్రోలో వాడే చిన్న అపర్చర్ల దగ్గర ప్రతి రేణువూ నల్లచుక్కగా కనిపిస్తుంది. అందుకే ఇక్కడివాళ్లకు నేను లెన్సు ముందు తగిలించే క్లోజప్ లెన్సును ముందు చెబుతాను. రేనాక్స్ డీసీఆర్–150, డీసీఆర్–250 ఇందులో బాగా పేరున్నవి. 250 శక్తి 8 డయాప్టర్లు, అంటే వస్తువు దాదాపు 12 సెం.మీ. దూరంలో ఫోకస్ అవుతుంది. అందరి దగ్గరా ఉండే టెలి జూమ్‌ను 200 మి.మీ. దగ్గర పెట్టి దాన్ని తగిలిస్తే 1.6 రెట్లు వస్తుంది. 4.8 డయాప్టర్ల 150 అయితే అదే లెన్సు మీద దాదాపు 1:1. క్లిప్పులా నొక్కి పెట్టడమే, కెమెరా తెరవక్కర్లేదు, అవసరం తీరాక తీసి జేబులో వేసుకోవచ్చు. అంచుల్లో స్పష్టత కొంచెం తగ్గుతుంది, పురుగు ఫొటోల్లో అది తెలియదు. మాక్రో మీద ఇష్టం నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు.

ఫోన్ల సంగతి త్వరగా ముగిస్తాను. 2021లో ఐఫోన్ 13 ప్రో 2 సెం.మీ. దూరం దాకా ఫోకస్ చేసే కెమెరాతో వచ్చింది, ఆ తరువాత ఖరీదైన ఫోన్లు చాలా అదే బాట పట్టాయి. ఆకులకూ పూలకూ అవి బాగున్నాయి. చవక ఫోన్లలో లెక్క కోసం పెట్టే 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా దేనికీ పనికిరాదు. దానికన్నా అదే ఫోను ప్రధాన కెమెరాకు తగిలించే చిన్న క్లిప్ లెన్సు ఎంతో మెరుగు. పొలంలో సుడిదోమను ఫొటో తీసి వ్యవసాయ శాస్త్రవేత్తకు పంపే రైతుకు అది చాలు.

ఇక వెలుగు. మాక్రో నేర్చుకోవడమంటే సగానికి పైగా వెలుగును నేర్చుకోవడమే. 1:1 దగ్గరికి వెళ్లేసరికి లెన్సు వెలుగును కోల్పోతుంది: ఎఫ్/2.8 అని రాసి ఉన్నా సెన్సార్‌కు చేరేది ఎఫ్/5.6 అంత, అంటే నాలుగో వంతు. నికాన్ కెమెరాలు ఆ మారిన అంకెనే చూపిస్తాయి, కానన్ కెమెరాలు చూపించవు. లెన్సు చెడిపోయిందని కంగారుపడకూడదు. దీనికి తోడు లోతు సమస్య. ఫుల్‌ఫ్రేమ్‌లో 1:1 దగ్గర ఎఫ్/2.8లో స్పష్టంగా ఉండే లోతు మిల్లీమీటరులో మూడో వంతు. ఎఫ్/8లో దాదాపు ఒక మిల్లీమీటరు. ఎఫ్/16లో రెండు మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. ఇంకా మూస్తూ పోతే లోతు పెరుగుతుంది గాని చిన్న రంధ్రంలో వెలుగు వంగి చెదిరి మొత్తం బొమ్మే మెత్తబడుతుంది. 1:1లో ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య ఉండటం మంచిది. 2:1కి వెళితే ఎఫ్/8 దాటకపోవడమే మేలు. అంత మూసిన అపర్చర్‌కు, గాలి కదలికను ఆపగల షట్టర్ స్పీడ్‌కు, సాయంత్రపు వెలుగు ఏమూలకూ రాదు. అందుకే ఫ్లాష్ కావాలి.

నేరుగా కొట్టే ఫ్లాష్ పురుగు వీపు మీద తెల్లటి మచ్చ వేస్తుంది. పెంకు పురుగుల మీదా సాలీడు కళ్లలోనూ ఆ మచ్చ మరీ వికారంగా ఉంటుంది. వెలుగు మెత్తబడాలంటే అది వచ్చే తలం పురుగుతో పోలిస్తే పెద్దదిగా, దానికి దగ్గరగా ఉండాలి. ఫ్లాష్ ముందు ట్రేసింగ్ పేపర్ గానీ సామాన్ల ప్యాకింగ్‌లో వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ గానీ వంపు తిప్పి లెన్సు కొస దాకా వచ్చేలా కడితే పదిహేను సెంటీమీటర్ల దూరంలోని పురుగుకు అది పెద్ద వెలుగు తెర అవుతుంది. దుకాణంలో కొన్నదానికి ఇది ఏమాత్రం తీసిపోదు. ఇక్కడ పని దూరం మళ్లీ ముఖ్యమవుతుంది: లెన్సు ముందు జాగా లేకపోతే వెలుగు దూరదు. ఫ్లాష్‌ను తక్కువ శక్తిలో పెడితే దాని మెరుపు సెకనులో పదివేలవ వంతు లోపే ముగుస్తుంది, చేతి వణుకునూ రెక్కల కదలికనూ అదే ఆపుతుంది. వెనక అంతా నల్లగా వస్తోందంటే షట్టర్ స్పీడ్ తగ్గించి, ఐఎస్ఓ కొంచెం పెంచి, పగటి వెలుగును కూడా కలుపుకోవాలి. మధ్యాహ్నం నల్లటి వెనుకతలంతో వచ్చే ఫొటోలు నాకు నచ్చవు. పురుగు పగలు తిరిగేదైనప్పుడు పగలు కనిపించాలి.

ఆటోఫోకస్ మీద ఆధారపడితే 1:1 దగ్గర లెన్సు ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ఉండిపోతుంది. కావలసిన మాగ్నిఫికేషన్‌కు ఫోకస్ రింగ్ పెట్టేసి, ఇక దాన్ని ముట్టుకోకుండా, ఒళ్లు కొద్దిగా ముందుకు వంచుతూ పురుగు కంటి మీద స్పష్టత వచ్చిన క్షణంలో నొక్కాలి. ఎడమచేతి వేళ్లతో కొమ్మను పట్టుకుని అదే చేతి మీద లెన్సు ఆనిస్తే కొమ్మా కెమెరా కలిసే కదులుతాయి, వణుకు సమస్య చాలా వరకు పోతుంది. సీతాకోకచిలుక రెక్కలు మూసి ఉంటే సెన్సార్‌ను ఆ రెక్కకు సమాంతరంగా తెచ్చుకోవాలి. ఉన్న కాస్త లోతూ రెక్క మొత్తానికీ సరిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ తెల్లవారుజామున మంచు బాగా పడుతుంది. ఒళ్లు చల్లబడిన తూనీగలు ఎండ తగిలేదాకా కదలవు. ఒకదాని వెనక ఒకటిగా ఫోకస్ జరుపుతూ చాలా ఫొటోలు తీసి కలిపే స్టాకింగ్ పద్ధతికి అదే సమయం. ఒలింపస్ 2015లో, నికాన్ డీ850తో 2017లో అలా ఫోకస్ జరుపుతూ వరసగా తీసే పనిని కెమెరాయే చేసే ఏర్పాటు తెచ్చాయి. కలపడానికి హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ వంటి ప్రోగ్రాములు ఉన్నాయి. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మొద్దుబార్చి తీసేవాళ్లూ ఉన్నారు. అది చేయకూడని పని. నిద్రపోతున్న పురుగును వెతుక్కోవడం చేతకానప్పుడు ఆ ఫొటో లేకపోయినా నష్టం లేదు.

ఆరుద్ర పురుగును తీసేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. అది ఏడాదిలో ఎక్కువ భాగం నేలలోనే ఉంటుంది, తొలి వానల తరువాత కొద్ది రోజులే పైన తిరుగుతుంది. ఎనిమిది కాళ్లున్న ప్రాణి, సాలీడుకు చుట్టం. దాని ఎరుపు ఎంత గాఢమంటే కెమెరా సగటు లెక్క ప్రకారం ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉన్నా ఎరుపు ఒక్కటే హద్దు దాటి, ఒంటి మీది ముఖమల్ నూగు అంతా కలిసిపోయి ఎర్ర ముద్దగా వస్తుంది. హిస్టోగ్రామ్‌లో ఎరుపును విడిగా చూసుకుని ఎక్స్‌పోజర్ తగ్గించాలి, రా ఫార్మాట్‌లో తీయాలి. వెలుగు పైనుంచి కాక పక్కనుంచి వస్తే నూగు విడివిడిగా కనిపిస్తుంది. కెమెరాను నేల మట్టానికి దించాలి, మోచేతుల కింద బియ్యమో ఇసుకో నింపిన సంచి పెట్టుకుంటే చాలు. ఖాళీ స్థలాలు, పొలం గట్లు ఎన్నో ఉన్నాయి, పట్టాల పక్కకు మాత్రం వెళ్లకండి.

కదలని వస్తువులకు లెక్క మారుతుంది. పాత నెగెటివ్‌లను డిజిటల్‌గా మార్చడానికి మాక్రో లెన్సును మించినది లేదు. 35 మి.మీ. నెగెటివ్ ఫ్రేము 36×24 మి.మీ., సరిగ్గా ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ అంత. 1:1లో తీస్తే అంచు నుంచి అంచు దాకా వస్తుంది. స్టూడియోల్లో వాడిన 120 ఫిల్ము చదరపు నెగెటివ్‌కు 0.43 రెట్లు చాలు. ఈ పనికి 50, 60 మి.మీ. మాక్రో చవకైనది, సౌకర్యమైనది, మాక్రో లెన్సును ఫోకస్ తలం చదునుగా ఉండేలా చేస్తారు కాబట్టి మూలలు కూడా స్పష్టంగా వస్తాయి. కింద మంచి నాణ్యత ఉన్న ఎల్ఈడీ లైట్ ప్యాడ్, ఎఫ్/8, కెమెరా నెగెటివ్‌కు సమాంతరంగా ఉండటం, ఇవి ముఖ్యం. నెగెటివ్ ఉండే చోట చిన్న అద్దం పెట్టి, అందులో లెన్సు ప్రతిబింబం ఫ్రేము మధ్యకు వచ్చేలా సర్దితే సమాంతరం కుదిరినట్టే. తాళపత్రాలకూ ఇదే పద్ధతి. గంటంతో గీసిన తెలుగు అక్షరాల గుండ్రాలు పక్కవెలుగులో ఎంత తేటగా కనిపిస్తాయో చూసినవాళ్లకు తెలుసు. చరోదాలో, భిలాయిలో మొదటి తరం తెలుగువాళ్ల పెళ్లిళ్లు, క్వార్టర్ల ముందు నిలబడి తీయించుకున్న ఫొటోలు నెగెటివ్‌లుగా పాడైపోతున్నాయి. ఒక కుటుంబానికి ఒక మాక్రో లెన్సు చేయగల మేలు ఇంతకన్నా పెద్దది ఉండదని గట్టిగా నమ్ముతాను.

దేవబలోదా గుడి గోడల మీది చిన్న శిల్పాలకు మాక్రో అక్కర్లేదు, దగ్గరగా ఫోకస్ అయ్యే మామూలు లెన్సు చాలు. పొద్దున్నే, సాయంత్రం ఏటవాలు ఎండలో వెళ్లాలి. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, స్టాండు వాడాలంటే అనుమతి తీసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ లెన్సు కొనేటప్పుడు దాని వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు, అలాంటిది ఎంత చవకైనా వద్దు. అపర్చర్ రెక్కల మీద నూనె మరకలు ఉన్నాయేమో, రింగ్ అంతటా ఒకే బిగువుగా తిరుగుతోందో లేదో చూడండి. వానాకాలంలో లెన్సును తోలు సంచిలో గానీ బీరువాలో గానీ పెట్టకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, లోపల ఒక చిన్న తేమ మీటరు, 40 నుంచి 50 శాతం తేమ ఉంటే చాలు.

చివరిది, తీసిన ఫొటోతో ఏం చేస్తామన్నది. 1899లో పొకాక్ అనే శాస్త్రవేత్త నీలిరంగు సాలీడు ఒకదాన్ని వర్ణించాడు. ఆ నమూనా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికింది. తరువాత నూరేళ్లకు పైగా ఎవరికీ కనిపించలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. పోసిలోథీరియా మెటాలికా అనే ఆ సాలీడు ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాబితాలో ఉంది, ప్రపంచమంతటా పెంపుడు జంతువుల వ్యాపారులు దానికోసం వెతుకుతారు. ఫొటోలో కెమెరా రాసిపెట్టే జీపీఎస్ గుర్తు అలాంటివారికి దారి చూపిస్తుంది. అరుదైన ప్రాణి ఫొటోను బయట పెట్టేముందు ఆ గుర్తు తీసేయాలి. ఐనాచురలిస్ట్ వంటి చోట్ల ప్రమాదంలో ఉన్న జాతుల స్థలాన్ని దాచే ఏర్పాటు ఉంది.

మామూలు ప్రాణుల విషయంలో మాత్రం చోటు, తేదీ తప్పక చెప్పాలి, లేకపోతే ఆ ఫొటో శాస్త్రానికి పనికిరాదు. ఆరుద్ర పురుగు పైకి వచ్చే ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలవుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో రానీ కీడాను మందుల కోసం, నూనె కోసం ఏరి అమ్మడం ఉంది. మీరు ఏరకండి, కొనకండి. మీ దగ్గరున్న లెన్సు ఏదైనా సరే, నేలమీద పడుకుని దాని ఫొటో తీసి, ఊరి పేరుతో, తేదీతో ఐనాచురలిస్ట్‌లోనో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టండి. ఇంట్లో పిల్లలుంటే కెమెరా ఒకసారి వాళ్ల చేతికి కూడా ఇవ్వండి.